పథ్యం

కుక్కర్ మూత తీసి, మెత్తగా ఉడికిన పప్పును గరిటెతో మెదిపాడు. సొరకాయ, క్యారెట్, బీన్స్ ముక్కలు వేశాడు. చిటికెడు పసుపు చల్లాడు. ఉప్పు డబ్బా దగ్గర చెయ్యి ఆగింది.

"తగ్గించి వెయ్యండి. డాక్టరుగారు చెప్పారన్నారుగా!" అంది భార్య, గుమ్మానికి ఆనుకుని.

తగ్గించే వేశాడు.

"కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో నాకు కాఫీ కలిపిచ్చిన పాపాన పోలేదు. డ్యూటీలో ఎవరికో జ్వరమొస్తే మాత్రం గరిటె పట్టారు. సూర్యుడు పడమట పొడిచాడేమో!"

అతను నవ్వలేదు. కొన్నాళ్ళుగా అతనికి నవ్వూ రావడం లేదు, కోపమూ రావడం లేదు. పొద్దున్నే లేవడం, ముక్కలు తరగడం, క్యారియర్ పట్టుకుని డ్యూటీకి పోవడం. అంతే.

ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకాడు.

"నాకేం తెలియట్లేదు. నువ్వు చూడు."

ఆమె రుచి చూసింది. "బ్రహ్మాండం! చచ్చినవాడైనా లేచి కూర్చుంటాడు."

మొదట్లో ఆ రోగి మెతుకు ముట్టేవాడు కాదు. అక్కడి తిండి పెడితే పళ్ళెం పక్కకు నెట్టేసేవాడు. చిక్కి శల్యమయ్యాడు. "నెత్తురు పట్టాలి. పప్పూ కూరగాయలూ బాగా తినిపించండి" అన్నాడు డాక్టరు. "తింటున్నాడా? లేచి తిరుగుతున్నాడా?" అని పైఆఫీసరు రోజూ కబురు పెట్టేవాడు.

"ఏం తింటావు?" అని ఇతనే ఒకనాడు అడిగాడు. రోగి గోడవైపు తిరిగి, "మా అమ్మ పప్పులో అన్ని కూరముక్కలూ వేసి జారుగా కాచేది" అన్నాడు. మనసు ఊరుకోక మర్నాడు వండి తీసుకెళ్ళాడు.

రోగి తిన్నాడు. రోజూ తిన్నాడు. బుగ్గలు నిండాయి.

ఒకరోజు పప్పు అడుగంటింది. "మాడు వాసనొస్తోంది, చూసుకోలేదా?" అంటూ భార్య పరుగెత్తుకొచ్చింది.

"చూశాను" అన్నాడతను, స్టవ్ ఎదురుగానే నిలబడి.

ఆ మాడుపప్పే పట్టుకెళ్ళాడు. రోగి గిన్నె ఊడ్చి మరీ తిన్నాడు.

ఇవాళా ఎదురుగా కూర్చుని వడ్డించాడు.

"తినబుద్ధి కాకపోతే వదిలెయ్ తమ్ముడూ. నేనేమీ అనుకోను."

"ఇంత కమ్మగా వండి తెచ్చి, వదిలెయ్యమంటే ఎలా అన్నా?" రోగి వేళ్ళు నాక్కున్నాడు. "నిన్న అమ్మొచ్చింది. ఒళ్ళు చేశావురా అంటూ ఒకటే ఏడుపు."

అతను మరో గరిటె వేశాడు.

కాసేపటికి డాక్టరొచ్చాడు. నాడి చూశాడు, కంటి రెప్ప లాగి చూశాడు. "భేష్! పూర్తిగా కోలుకున్నాడు. అంతా నీ చేతి చలవే" అని అతని భుజం తట్టాడు. ఆ మాట విని పైఆఫీసరు కూడా ఊపిరి పీల్చుకున్నాడు.

ఇంటికొచ్చి ఖాళీ క్యారియర్ సింకులో పడేశాడు.

"ఎలా ఉందట ఒంట్లో?" భార్య అడిగింది.

"తగ్గిపోయింది."

"పోన్లెండి, పుణ్యం కట్టుకున్నారు. మరి రేపటికి పప్పు నానెయ్యనా?"

"అక్కర్లేదు."

జబ్బుతో ఉన్న ఖైదీని ఉరి తీయకూడదు గనక జైల్లో ఇన్నాళ్ళూ ఆగారు, రేపు తెల్లవారకముందే తీస్తారు.