మాటల్లేని నడక

"సార్, రవ్వంత నిలబడండి."

ఆ ముసలి గొంతుకు మోహన్‌కృష్ణ వెనక్కి తిరిగాడు. చూపుడువేలు పెదవుల మీద పెట్టి చూపించి, మళ్లీ ముందుకు నడిచాడు.

వెనక చెప్పుల చప్పుడు కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.

తిరుపతి కొండ కింద అటవీశాఖ వాళ్ల పార్కు అది. పొద్దున్నే అక్కడ నడవమన్నది డాక్టరు.

"నిద్రమాత్రలు తగ్గిద్దాం. ఫోను ఇంట్లో పెట్టేయండి. ఎవరితోనూ మాట్లాడకుండా చెట్ల మధ్య మెల్లగా నడవండి. కనబడేది చూడండి, వినబడేది వినండి. పాదాలకు మట్టి తగలనీయండి. మనసు దానంతటదే కుదుటపడుతుంది."

చెప్పినట్టే చేశాడు మోహన్‌కృష్ణ. చెప్పులు విడిచాడు. రాత్రి వానకు తడిసిన ఎర్రమట్టి చల్లగా తగిలేది. సీతాఫలం ఆకు నలిపితే ఘాటుగా వాసన వేసేది. పొదల్లో కముజు పిట్టలు ఒకదాన్నొకటి పిలుచుకునేవి.

కాసేపు హాయిగానే ఉండేది. అంతలోనే భార్య భానుప్రియ గుర్తొచ్చేది.

స్కూల్లో పాఠాలు చెప్పి స్కూటీ మీద ఇంటికొస్తుంటే, ఏర్పేడు దగ్గర లారీ గుద్ది చనిపోయింది ఆమె. మోహన్‌కృష్ణ ఆస్పత్రికి చేరేసరికే ముఖం మీద గుడ్డ కప్పేశారు. నడిరోడ్డు మీద ఒక్కతే పడి తననెంతగా పిలిచిందో. ఆ తలపే రాత్రుళ్లు కంటి మీద కునుకు రానిచ్చేది కాదు.

ఇలాంటప్పుడు దాపురించాడు ఆ ముసలాయన. తెల్లటోపీ, నెరిసిన గడ్డం. సుభాన్ బాషా అని వాచ్‌మన్ ఎల్లప్ప చెప్పాడు.

దగ్గరికి రాడు, దూరం పోడు. కాస్త వెనకగా నడుస్తాడు.

"ఒళ్లు బాగుండాదా సార్?"

మోహన్‌కృష్ణ తల ఊపేవాడు.

"ఆ రాయి మీద కూర్చుందామా? మీతో మాట్లాడాల."

"ఈడ నేను మాట్లాడనబ్బా. డాక్టరు వద్దన్నాడు."

"అట్లనా. సరే సార్, రేపు."

రేపూ అంతే. నోరు తెరిచేవాడు, మోహన్‌కృష్ణ ముఖం చూసేవాడు, మళ్లీ వెనకబడేవాడు.

భానుప్రియ పుట్టినరోజు వచ్చింది. ఆ పొద్దు మోహన్‌కృష్ణకు అడుగు సాగలేదు. మద్దిచెట్టుకు నుదురు ఆనించి నిలబడ్డాడు. గరుకు బెరడు మీద అరచేతులు పెట్టి కళ్లు మూసుకున్నాడు.

భుజం మీద చెయ్యి పడింది.

"సార్, ఈ పొద్దన్నా..."

"ఏం మనిషివయ్యా నువ్వు! నా ఏడుపు నన్ను ఏడవనీవా? ఇంకోసారి నా వెంట రావద్దు!"

బాషా చెయ్యి తీసేశాడు.

"తప్పైపోయింది సార్."

మెల్లగా గేటు వైపు వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఇప్పుడు దారంతా మోహన్‌కృష్ణదే. డాక్టరు చెప్పిన నిశ్శబ్దం దొరికింది. కానీ నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి చూసేవాడు. ఒళ్లు బాగుందా అని అడిగే గొంతు రోజు మొత్తంలో అదొక్కటేనని అప్పుడు తెలిసింది.

ఉండబట్టలేక ఎల్లప్పను అడిగాడు.

"సుభాన్ భాయ్ పోయినాడు సార్. గుండెపోటు. మొన్ననే మట్టి చేసినారు. ఇల్లు ఆ నిమ్మకాయల మండీ వెనకాలే."

మోహన్‌కృష్ణ నేరుగా ఆ ఇంటి దారి పట్టాడు.

బాషా కూతురు ఫిర్దోస్ తలుపు తీసింది.

"నా పేరు మోహన్‌కృష్ణ అమ్మా. మీ నాయనా, నేనూ పార్కులో..."

"మీరేనా సార్!" ఆమె గబగబా కుర్చీ తెచ్చి వరండాలో వేసింది. "కూర్చోండి."

"ఆయన్ని ఊరికే కసురుకున్నాను. పాపం, నడకంటే ఇష్టం కదా ఆయనకు."

"నడకా?" ఫిర్దోస్ ఆశ్చర్యపోయింది. "మోకాళ్ల నొప్పులతో నాలుగడుగులు వేయలేడు సార్ మా నాయన. మీరు ఆడికొస్తారని తెలిసినాక, మేమెంత వద్దన్నా వినలేదు."

"నా కోసమా? నేనెవరో ఆయనకెట్లా తెలుసు?"

"ఆస్పత్రిలో చూసినాడంట. మీరు ఏడస్తా ఉంటే దగ్గరికి రాను మనసొప్పలేదంట."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆ పొద్దు గూడూరు నుంచి నిమ్మకాయల లోడు ఆటోలో కూర్చోని వస్తా, ఏర్పేడు కాడ మీ ఇంటామె తల ఒళ్లో పెట్టుకోని నీళ్లు తాపింది మా నాయనే సార్, కన్ను మూసే ముందర మీకు చెప్పమని ఆమె ఒక మాట చెప్పిందంట, అది సారు చెవినే వేయాలని మాకెవరికీ చెప్పకుండానే పోయినాడు."