సీసా మీది పేరు

ప్రపంచానికి తెలియని కొత్త రకం రోకలిబండ పురుగును కనిపెట్టి, దానికి భార్య పేరు పెట్టాడు మ్యూజియం శాస్త్రజ్ఞుడు. ఆమెను వెంటబెట్టుకెళ్లి, వందల సీసాల మధ్య స్పిరిట్‌లో చుట్ట చుట్టుకుని ఉన్న ఆ పురుగును చూపించాడు. సీసా మీది చీటీ పైకి చదివాడు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పురుగుకు నీ పేరు పెట్టానని కోపమా?" అన్నాడు కంగారుగా.

"కాదండీ. ఇంకోసారి చదవండి."

ఆనందమన్నమాట! ఈసారి జాతి, దొరికిన చోటు, తేదీతో సహా గొంతెత్తి చదివాడు.

"అవన్నీ వద్దు. నా పేరొక్కటి చాలు."

"ఎందుకూ?"

ఆమె కళ్లు తుడుచుకుంది.

"పెళ్లయి ఇరవై ఆరేళ్లు. ఒసేయ్, ఇదిగో, ఎక్కడ చచ్చావ్... ఇవే విన్నాను. నా పేరు మీకు తెలుసని ఇవాళే తెలిసింది."