కార్ల జాగాలో జొన్న

తమిళనాట కినత్తుకడవు ఊరు దాటాక కట్టిన విల్లాల కాలనీ అది. అందులో కార్లు నిలపడానికని వదిలిన జాగాలో, నాలుగో నంబరు ఇంటి ముసలమ్మ రంగమ్మాళ్ జొన్న విత్తింది. ఇప్పుడు పైరు నడుమెత్తు పెరిగి, కంకులు పాలు పోసుకుంటున్నాయి.

ఆ ఉదయం కాంక్రీటు లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది. దాని వెనకే అసోసియేషన్ సెక్రటరీ జగదీశన్ వచ్చాడు.

"పాటీ, ఇది కామన్ ఏరియా. పది నిమిషాల్లో పీకేయకపోతే లారీతో తొక్కించేస్తాను" అని తమిళంలో అరిచాడు.

రంగమ్మాళ్ కొంగు బిగించి పైరు మధ్యలో నిలబడింది.

"ఈ నల్లమన్ను మా మామ దున్నింది. మీ గేటు వచ్చి నాలుగేండ్లు కాలేదు. లారీ ఎందుకురా? ధైర్యముంటే నువ్వే వచ్చి తొక్కు, చూద్దాం, పార్కలాం!"

బాల్కనీల్లో జనం ఫోన్లు పైకెత్తారు. జగదీశన్ ముఖం ఎర్రబడింది. విసవిసా నడిచి వచ్చి, సిమెంటు గట్టు దగ్గర చెప్పులు విడిచి, పైరులోకి అడుగు పెట్టాడు.

రంగమ్మాళ్ అతని పాదాలకేసి చూసి పెద్దగా నవ్వి, ఈసారి తెలుగులో అంది.

"కంకేసిన చేన్లో చెప్పుకాలు పెట్టేది లేదు మనవాండ్లకు. ఏ ఊరు నాయనా మీది?"

జగదీశన్ తన ఉత్తకాళ్ల వంక చూసుకున్నాడు.

"వాడిపట్టి పక్కన, అవ్వా."

మూడేళ్లలో అతని నోట తెలుగు వినడం ఆ కాలనీకి అదే మొదలు.

"అట్లయితే లారీని ఎనక్కి పంపు" అంది రంగమ్మాళ్. "కోతకు మనిషి కావాల నాకు."