గుండీల పెద్దమనిషి

మూడోసారి కూడా అదే చొక్కా, అదే రెండో గుండీ.

దర్జీ చొక్కాను వెలుతురుకి ఎత్తి చూశాడు. దారం అరిగి తెగింది కాదు, బ్లేడు పెట్టి కోసింది. ఇరవయ్యేళ్ళుగా గుడ్డల మధ్య బతుకుతున్నవాడికి ఆ మాత్రం తెలీదా?

"అమ్మగారు కుడతారుగా మాస్టారూ," అన్నాడు వచ్చినాయన, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

గుండీలూ కాజాలూ భార్య పని. ఆమె తలొంచుకుని కుడుతుంటే ఆయన కళ్ళప్పగించి చూశాడు. నలభై దగ్గర పడ్డ మనిషి. మాట మర్యాదగానే ఉంది. దర్జీకి అందుకే మరీ ఒళ్ళు మండింది.

"ఈయన్ని ఎక్కడో చూశానండీ," అంది ఆమె, ఆయన వెళ్ళాక.

"ఎక్కడ?"

"అదే తెలీట్లేదు."

ఆమెకి ఏడేళ్ళ లోపు జ్ఞాపకం ఒక్కటీ లేదు. ఇల్లు కాలిపోయిందట, అమ్మానాన్నా అందులోనే పోయారట. పెంచిన పిన్ని అంతకు మించి చెప్పకుండానే కన్నుమూసింది. పొగ వాసనకి వణికిపోతోందని ఈమధ్యే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నాడు.

నిజం చెప్పాలంటే, ఆ మరుపు దర్జీకి హాయిగానే ఉండేది. భార్య బతుకులో తనకంటే ముందు ఎవరూ లేరు. ఇప్పుడు ఎవడో వచ్చి, తనకు తెలియని ఆ ఏడేళ్ళలో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టుంది.

"లోపల అణిగిపోయిన జ్ఞాపకాలు మళ్ళీ పైకొస్తాయటగా?" అని డాక్టరమ్మని అడిగాడు.

"వస్తాయని కొందరు, అదంతా వట్టిదని కొందరు. ఆ గొడవ ఇంకా తెగలేదు. మీరు మాత్రం నోరు జారకండి. పక్కవాళ్ళు ఏది అందిస్తే అదే జ్ఞాపకమై కూర్చుంటుంది."

దర్జీ బుద్ధిగా తలాడించాడు. ఇంటికొచ్చి అందించాడు.

"వాడి చూపు చూశావా? చిన్నప్పుడు నిన్ను ఏడిపించినవాడేమో. ఆ చేతులు ఎంత మొరటుగా ఉన్నాయో!"

"ఛ, పాపం, మంచాయనలా ఉన్నాడు."

మర్నాడూ అన్నాడు. ఆ మర్నాడూ అన్నాడు.

పది రోజులకి ఆమె సూది కింద పెట్టేసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గుర్తొచ్చిందండీ. ఒకటే పొగ. అమ్మ దగ్గరికి పోతానని అరుస్తున్నాను. ఎవడో గట్టిగా పట్టుకున్నాడు, వదల్లేదు. ఆ చేతులే!"

దర్జీ లోలోపల ఎగిరి గంతేశాడు.

ఆ సాయంత్రమే గుండీల పెద్దమనిషి మళ్ళీ ఆ చొక్కా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె లేచి నిలబడింది.

"నువ్వే! నాకు గుర్తొచ్చింది!"

ఆయన మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ చాచాడు.

"ముట్టుకోకు! మా అమ్మ దగ్గరికి నన్ను పోనివ్వనిది నువ్వే!"

చాచిన చేతులు అలాగే ఆగిపోయాయి. ఏదో చెప్పబోయాడు. చెప్పలేదు.

"పోతావా, పోలీసుల్ని పిలవనా?" అన్నాడు దర్జీ.

ఆయన ఆమెకేసి ఒక్కసారి చూసి మెట్లు దిగిపోయాడు. చొక్కా కూడా తీసుకోలేదు.

నాలుగు రోజులకి డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"మీ షాపుకొచ్చే ఆయన ఊరొదిలి వెళ్ళిపోయారు. ఎక్కడికో చెప్పలేదు. తనని చూస్తే ఆమె భయపడుతోందట, ఇక రానన్నారు. ఏం జరిగింది?"

"ఆయన మీకు తెలుసా?"

"ఇన్నేళ్ళూ ఆమె కోసం వెతికారు. దొరికాక, వైద్యం నా దగ్గరని తెలిసి ముందు నన్నే కలిశారు. కళ్ళెదుట కనబడుతుంటే ఆమెకే గుర్తొస్తుందని ఆయన ఆశ. నోటితో మాత్రం చెప్పకూడదని నేనే ఒట్టేయించుకున్నాను."

దర్జీ ఫోను చెవికి అదుముకున్నాడు.

"ఇంతకీ... ఎవరండీ ఆయన?"

"అమ్మ కోసం మంటల్లోకి పరిగెడుతున్న చెల్లెల్ని, వదలమని అరిచి కొరుకుతున్నా వదలకుండా బయటికి మోసుకొచ్చిన అన్న."