ఇసుకదిబ్బల వైపు చూపు

"కదలకు. గుచ్చుకుంటుంది," అన్నాడు ఎల్వుడ్, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే.

నిజానికి ఒకటి గట్టిగా గుచ్చాలనే ఉందతనికి. బల్లమీద నిలబడి గౌను కొలతలిస్తున్న కార్విన్ న్యూజెర్సీలో బడిపంతులు. వయసులో ఉన్నాడు, చూడటానికి దొరబిడ్డలా ఉంటాడు. ఊరి హాల్లో వేసే వేసవి నాటకంలో రాణి వేషం ఈసారి అతనిదే.

"మీ చేతిలో ఏదో మహిమ ఉందండీ," అన్నాడు కార్విన్ అద్దంలో చూసుకుని మురిసిపోతూ. "మెర్రిల్ గారు రాలేదా? సముద్రం దాకా నడిచొద్దామన్నారు."

మెర్రిల్ అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. "పద, పద. పొద్దు వాలుతోంది," అని కార్విన్ చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

ఎల్వుడ్ కిటికీ దగ్గర నిలబడి, వాళ్ళు ఇసుకదిబ్బల వెనక మాయమయ్యేదాకా చూశాడు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది నుంచీ ప్రతి వేసవీ మెర్రిల్, ఎల్వుడ్‌ల కాపురం న్యూయార్క్ దగ్గరి దీవిలోని ఈ చెర్రీ గ్రోవ్‌లోనే. న్యూయార్క్‌లో వాళ్ళు అద్దె పంచుకునే స్నేహితులు. పడవ దిగి ఈ దీవిలో కాలు పెట్టాకే దంపతులు. బయట అలాంటి జంటల్ని జైలుకి పంపే రోజులవి.

ఇప్పుడా కాపురంలోకి కార్విన్ వచ్చాడు. ఎల్వుడ్ కళ్ళు ఎప్పుడూ అతని చుట్టూనే. ఈతకి దిగితే చూస్తాడు. భోజనాల దగ్గర నవ్వితే, ఎవరికోసం నవ్వాడా అని చూస్తాడు.

"ఏమయ్యా, ఆ కుర్రాణ్ణి చూపులతోనే మింగేసేలా ఉన్నావే!" అంది పక్కింటి హెట్టీ.

"మింగడమా? అవతలి ఒడ్డు పోలీసులొచ్చి పట్టుకుపోతే పీడా విరగడవుతుంది."

హెట్టీ ముఖంలో నవ్వు ఆరిపోయింది. "ఆ మాట ఆటకైనా అనకు, ఎల్వుడ్. ఇక్కడ ఒకరి కొంప మునిగితే అందరిదీ మునిగినట్టే."

శనివారం సాయంత్రం మెర్రిల్ తలనొప్పన్నాడు. "నువ్వు పోయి దిబ్బల దగ్గరుండు, తగ్గితే వస్తాను," అని కార్విన్‌ని ఒక్కణ్ణే పంపేశాడు. ఎల్వుడ్ ప్రాణం లేచొచ్చింది. చేపలు వేయించాడు, ద్రాక్షసారా సీసా తీశాడు. ఎన్నాళ్ళకో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

అంతలో బయట ఈలలు, పరుగులు. చీకటిపడ్డాక మగవాళ్ళు చాటుగా కలుసుకునే ఆ దిబ్బల మీద టార్చిలైట్లు. దొరికినవాళ్ళని దొరికినట్టే పోలీసులు రేవుకి ఈడ్చుకొచ్చి, సంకెళ్ళతో స్తంభాలకి కట్టేశారు. వాళ్ళలో కార్విన్ ఉన్నాడు, చెప్పుల్లేని కాళ్ళతో.

మెర్రిల్ లేచి కిటికీ తెర దించేశాడు.

తర్వాత పేపర్లో పట్టుబడ్డవాళ్ళ పేర్లు, ఊళ్ళతో సహా పడ్డాయి. ఆ వారమే కార్విన్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. నాటకం ఆగిపోయింది. ఎప్పుడు రావాలో, ఏ దిబ్బల వెనక వెతకాలో పోలీసులకి ముందే తెలుసట. ఫోన్ చేసి చెప్పింది మనవాళ్ళలోనే ఎవరో అని ఊరంతా గుసగుసలు. ఎల్వుడ్ కనబడగానే హెట్టీ తలుపేసుకుంది.

ఎల్వుడ్ ఇంటికొచ్చి, సగం కుట్టిన గౌను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. "అందరూ నన్నే అనుకుంటున్నారు. నోరు జారిన మాట నిజమే. కానీ నేను ఫోన్ ముట్టుకోలేదు, మెర్రిల్. నువ్వైనా నమ్ము."

"నమ్ముతాను."

"ఎలా నమ్ముతావ్? రోజూ నువ్వు వాడితో వెళుతుంటే నేనెంత కుళ్ళిపోయానో నీకేం తెలుసు!"

మెర్రిల్ తల ఎత్తాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు కుళ్ళుకున్నది నా కోసమా? వాడి మీద మనసుపడి చూస్తున్నావనుకున్నాను. నీ కళ్ళ ముందు ఉండకూడదనే కదా, రోజూ వాణ్ణి బయటికి లాక్కుపోయింది!"

మెర్రిల్ వంగి, ఎల్వుడ్ ఒళ్ళోని గౌను అంచు పట్టుకున్నాడు.

"ఫోన్ చేసింది నేనే, ఎల్వుడ్."