బావ ఇచ్చిన ల్యాప్‌టాప్

పెద్దక్క మొగుడు కానుకగా ఇచ్చిన చిన్న ల్యాప్‌టాప్ తెరిచినప్పుడల్లా ఏదో హెచ్చరిక చూపించి బీప్‌మంటోంది. ఒంటరిగా అద్దెగదిలో ఉంటున్న టీచరు ఆ రాత్రి విసుగెత్తి, కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడికి ఫోన్ చేసింది.

"డెవలపర్ మోడ్‌లో ఉందక్కా. ఎవరు ఏం దూర్చినా ఊరుకుంటుంది. తీసెయ్. లోపలున్నదంతా పోతుంది, ముందు చూసుకో."

చూసుకుంది. ఎన్నడూ తెరవని ఫోల్డర్‌లో వందల ఫొటోలు, అన్నీ తనవే. నోరు తెరిచి నిద్రపోతూ, బట్టలు మార్చుకుంటూ. ప్రతిదానికీ బావ ఒక్కడే పిలిచే ముద్దుపేరు పెట్టి ఉంది.

తమ్ముడు చెప్పిన మీటలు నొక్కింది. అంతా చెరిగిపోయి, తెర శుభ్రంగా వెలిగింది. బాత్రూమ్‌లోకి పరిగెత్తి కక్కుకుంది. చర్మం మండేదాకా చేతులు సబ్బుతో రుద్దుకుని, చాలాసేపు అక్కడే కూర్చుండిపోయింది.

బయటికొచ్చేసరికి మళ్లీ బీప్ వినిపించింది. తెర మీద అదే హెచ్చరిక. మీటలు జిడ్డుగా, వెచ్చగా తగిలాయి.

"మళ్లీ ఆనయిందిరా!" అంది తమ్ముడికి ఫోన్ చేసి.

"దానంతటది అవదక్కా. మూడు మీటలు కలిపి చేత్తో నొక్కాలి. నీ దగ్గర ఎవరున్నారు?"

ఆమె తలుపు వైపు చూసింది. లోపలి గడియ వేసినట్టే ఉంది.