పెదాలు వంశీధర్‌వి, గొంతు నేతన్‌ది

జెనీఫర్‌కు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: ఇంటర్వ్యూ మధ్యలో పాప లేచి ఏడుస్తుందేమోనని.

ఆ ఏడుపుకు మాట తడబడితే మోసం బయటపడుతుంది. ల్యాప్‌టాప్ కెమెరా ముందు తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నది వంశీధర్. మాట్లాడబోయేది మాత్రం టేబుల్ కింద మైకు పట్టుకుని నక్కిన ఆమె భర్త నేతన్.

లేత్ మిషన్లకు, ఫ్యాక్టరీ రోబోలకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేతన్ అమీర్‌పేటలో నేర్పేవాడు. ఆ కోచింగ్ సెంటర్ మూతపడింది. వంశీధర్ అతని శిష్యుడే, క్లాసులో హాయిగా నిద్రపోయిన శిష్యుడు. వాడికి ఈ ఉద్యోగం వస్తే, వాడి మామయ్య తన కొత్త సెంటర్లో నేతన్‌ను పెట్టుకుంటాడట. దొరికితే మాత్రం నేతన్‌ను పోలీసులు తీసుకుపోతారు. ఇంటర్ మధ్యలో ఆపేసిన తను చంకలో పాపతో ఎలా బతకాలి?

మైకులో రొద పడుతుందని ఫ్యాన్ ఆపేశారు. మధురానగర్‌లో వాళ్లది ఒంటిగది పోర్షన్. ఒకటే ఉక్క. గాలి కోసం, పోర్షన్లన్నిటికీ ఒకటే అయిన వరండా వైపు తలుపు తీసిపెట్టి, పాప ఒలీవియాను చాప మీద పడుకోబెట్టి, జెనీఫర్ కెమెరాకు అందకుండా ల్యాప్‌టాప్ పక్కన నిలబడింది.

“అన్నా, జర మెల్లగ చెప్పు. నువ్వు గంత స్పీడ్ చెప్తే నా పెదాలకు అందుతలేదు,” అన్నాడు వంశీధర్.

“ముందు నోట్లో ఆ చూయింగ్ గమ్ ఉమ్మెయ్‌రా!”

“పంజాగుట్ట ట్రాఫిక్ల నోరెండిపోయిందన్నా.”

“ఇద్దరూ ఊరుకోండి, పాప లేస్తుంది!” అంది జెనీఫర్.

తెర వెలిగింది. కోటు వేసుకుని టై కట్టుకున్న పెద్దమనిషి. ఆయన వెనక విశాలమైన ఫ్యాక్టరీలో రెండు పసుప్పచ్చ రోబో చేతులు చకచకా తిరుగుతున్నాయి.

“నేనూ తెలుగువాడినే లెండి. పుణె ఫ్యాక్టరీ నుంచి మాట్లాడుతున్నా. కొత్త ప్రోగ్రాము మిషన్లోకి ఎక్కించగానే ఏం చేస్తారు?”

“డ్రై రన్ సార్. ఇనుము పెట్టకుండా ఒకసారి ఖాళీగా నడిపి చూస్తా, టూలు దేనికైనా గుద్దుకుంటుందేమోనని,” అంది టేబుల్. మాట అయిపోయాక కూడా వంశీధర్ పెదాలు కాసేపు ఆడాయి.

“మీ పెదాలు వెనకబడుతున్నాయేంటి?”

జెనీఫర్ వంగి టేబుల్ కిందకు చూసింది.

“నెట్ ప్రాబ్లం సార్,” అంది టేబుల్.

“ఇక్కడా అంతేనండీ,” అంటూ సార్ టై కొసతో చెమట తుడుచుకున్నాడు. “ఆఖరి ప్రశ్న. రోబో తిరుగుతున్నప్పుడు దాని దారిలోకి మనిషి వస్తే?”

“సెన్సర్ నుంచి సిగ్నల్ రాగానే ప్రోగ్రాము రోబోను అక్కడే ఆపేస్తుంది సార్.”

సరిగ్గా అప్పుడే రెండు రోబోల మధ్య ఒక చిన్న చెవి తేలి మాయమైంది. తర్వాత ఒక బుజ్జి చెయ్యి. తర్వాత సగం గుండు. రోబోలేమీ ఆగలేదు. ఒకటి ఆ గుండులోంచే అటు దూరి ఇటు వచ్చింది. గుండు చప్పట్లు కొట్టింది.

“సార్! మీ ఫ్యాక్టరీల పాప పాకుతుంది!” ఈసారి వచ్చింది వంశీధర్ సొంత గొంతు.

సార్ వెనక్కి చూడనైనా చూడలేదు. “అది... మా కొత్త మోడల్.”

కొత్త మోడల్ కెమెరాకు వీపు పెట్టి ఆయన టై పట్టుకుని ఊగింది. ఆయన గబుక్కున లేచాడు. కోటు కింద గళ్ల లుంగీ.

“ఎక్కడినుంచి ఊడిపడ్డావే తల్లీ!”

జెనీఫర్‌కు నవ్వు ఆగలేదు. చున్నీ నోట్లో కుక్కుకుంది. వెనక ఫ్యాక్టరీ కంప్యూటర్ పెట్టిన ఉత్త బొమ్మ! సారూ దొంగే! ఇక ఎవరు ఎవరిని పట్టిస్తారు? ఇన్నాళ్ల భయం ఒక్కసారిగా గాలికి పోయినట్టయింది.

టేబుల్ కింద నుంచి నేతన్ ఆమె కాలు పట్టుకుని గుంజుతున్నాడు. “ఏమైంది జెన్నీ? జాబ్ వచ్చిందా?”

ఆమె నవ్వుతూనే చాప వైపు తిరిగింది. దుప్పటి ఒక్కటే ఉంది. తీసిన తలుపులోంచి, వరండా చివర్నుంచి సార్ గొంతు వినబడుతోంది.

చదువుతున్నవాళ్లలో మధురానగర్ దగ్గర ఎవరైనా ఉంటే, దయచేసి ఆ వరండా చివరి పోర్షన్లోకి వెళ్లి ఒలీవియా ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి, జెనీఫర్ వెళ్తే పుణె ఫ్యాక్టరీలో కనబడిపోతుంది.